బ్లాకౌట్ అవగానే నరసింహుడు గర్జించేశాడు: లేజర్ సెన్సర్ ఎక్కడ తప్పింది?

తెరచాటుమనిషి
పోయిన ఆదివారం ప్రహ్లాదుడి కథ నృత్యనాటకంగా వేశాం. ఆడిటోరియం పేరు వద్దు, వాళ్ల తప్పేమీ లేదు. హిరణ్యకశిపుడు గదతో స్తంభాన్ని కొట్టగానే గర్జన వినపడాలి, వెనక తెర మీద స్తంభం చీలే వీడియో రావాలి. మనిషి నొక్కితే ప్రతిసారీ అరక్షణం ముందో వెనకో అవుతోందని స్తంభం ముందు అడ్డంగా లేజర్ కిరణం పెట్టాను. స్టేజి పక్క చాటున, ఒక వింగ్‌లో ఎర్ర లేజర్ మాడ్యూల్, అవతలి వింగ్‌లో ఎల్‌డీఆర్ (వెలుగుని బట్టి రెసిస్టెన్స్ మారే సెన్సర్), దానికి ఆర్డ్యునో లియొనార్డో అనే చిన్న ప్రోగ్రామ్ బోర్డు. గద అడ్డం రాగానే అది స్పేస్ బార్ నొక్కినట్టు మ్యాక్‌కి సిగ్నల్ పంపుతుంది, షోలో శబ్దాలు, వీడియోలు నడిపే క్యూల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో తర్వాతి క్యూ మొదలవుతుంది.

ఇంట్లో, రిహార్సల్ హాల్లో కలిపి యాభైసార్లు చేసుంటాం. ఒక్కసారీ తప్పలేదు. షోలో మాత్రం మూడో సీన్ కోసం లైట్లు ఆర్పామో లేదో చీకట్లో గర్జన, తెర మీద స్తంభం ఫెళ్లున చీలింది. అప్పటికి ప్రహ్లాదుడు ఇంకా గురుకులంలో అక్షరాలు దిద్దుతున్నాడు. జనం చప్పట్లు కొట్టారు, అది ఇంకా అవమానం. సరే, క్యూ వెనక్కి తెచ్చి పెట్టుకున్నాం. అసలు సీన్ వచ్చింది. హిరణ్యకశిపుడు గద ఎత్తి కొట్టాడు. ఏమీ లేదు. మళ్లీ కొట్టాడు. ఏమీ లేదు. మూడో దెబ్బకి ల్యాప్‌టాప్ దగ్గరున్న మా తమ్ముడు చేత్తో నొక్కాడు.

మా గురువుగారు ‘ఇంక ఆ ఎర్రచుక్క నా స్టేజి మీద కనపడకూడదు’ అన్నారు. వచ్చే నెల మళ్లీ షో ఉంది. తప్పెక్కడుందో ఎవరైనా చెప్తారా?

ఊరికేచూస్తా
స్తంభంలో ఉన్నాడా అని అడక్కముందే వచ్చేశాడంటే పిల్లాడి భక్తి అలాంటిది మరి.

పాతలైట్‌మేన్
స్పేస్ బార్ దగ్గర బుద్ధిగా ఒక కుర్రాణ్ని కూర్చోబెడితే అయిపోయేదానికి ఇంత తతంగం ఎందుకో నాకర్థం కాదు. సురభి నాటకాల వాళ్లు 1885లో మొదలుపెట్టారు. తీగలు, కప్పీలతోనే గాల్లో బాణాలు ఢీకొట్టించారు, మనుషుల్ని ఎగిరించారు. ఏ సెన్సరూ లేదు. తాడు పట్టుకున్నవాడి కన్ను స్టేజి మీదవాడి భుజం మీద ఉంటుంది, అంతే. నేర్పాల్సింది కుర్రాడికి, యంత్రానికి కాదు.

గజ్జెలసవ్వడి
లైట్‌మేన్ గారూ, ఆ తాడు పట్టుకున్నవాళ్లు ఆ ఇంట్లోనే పుట్టి, ఉయ్యాలలోంచే ఆ నాటకం చూసినవాళ్లు. మాకు షోకో కొత్త ఆపరేటర్ దొరుకుతాడు. స్క్రిప్ట్ చేతిలో పెడితే ‘మేడమ్, మీరు చెయ్యి ఎత్తగానే నొక్కాలా, దించగానే నొక్కాలా’ అని ఇంటర్వెల్‌లో అడుగుతాడు. నేను కూచిపూడి చేస్తాను. ఒక్కోరోజు తీర్మానం (జతిని ముగించే అడుగులు) చివర కాస్త ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది, ఒక్కోరోజు అనిపించదు. టెన్షన్ అంతా అక్కడే. నొక్కుతాడో లేదో అని కంటిచివర్ల నుంచి కంట్రోల్ రూమ్ వైపు చూస్తుంటే ముఖంలో అభినయం ఏం మిగులుతుంది? శబ్దం నా చేతిలో ఉండాలంటే తెరచాటు గారు చేసిన పనే సరైనది. పాడైంది వైరింగ్, ఆలోచన కాదు.

పాతలైట్‌మేన్
సరే అమ్మా, వైరింగ్ బాగుపడేవరకు నా కుర్రాణ్ని అక్కడే ఉంచండి.

సర్క్యూట్‌సుబ్బడు
ఊహించి చెప్పడం కంటే అంకెలు చూద్దాం. సీరియల్ మానిటర్‌లో (ఆర్డ్యునో రీడింగులు కంప్యూటర్‌లో కనపడే చోట) కిరణం పడుతున్నప్పుడు ఎంత, అడ్డం వచ్చినప్పుడు ఎంత? ఇంట్లో, హాల్లో వేర్వేరుగా. ఇంకో ముఖ్యమైన ప్రశ్న: ‘అడ్డం వచ్చింది’ అనే హద్దు కోడ్‌లో అంకెగా రాశారా, ఆన్ చేసినప్పుడు అదే లెక్క వేసుకుంటుందా?

తెరచాటుమనిషి
ఆన్ చేసినప్పుడు ఒక రీడింగ్ తీసుకుని, అందులోంచి 60 తీసేసి దాన్ని హద్దుగా పెట్టుకుంటుంది. అంతకంటే కిందకి పోతే అడ్డం వచ్చినట్టు. మళ్లీ పైకి వస్తేనే రెండోసారికి సిద్ధమవుతుంది. లేకపోతే గద అక్కడే ఉన్నంతసేపు గర్జిస్తూనే ఉండేది.

ఇంట్లో కిరణం ఉంటే 870, అడ్డం వస్తే 210.
నిన్న హాలు వాళ్లని బతిమాలి గంట తీసుకున్నాను. వర్క్ లైట్లు వెలుగుతుంటే, కిరణంతో 960. పూర్తి చీకట్లో కిరణంతో 870. స్తంభం సీన్ ఎర్ర లైట్లలో కిరణంతో 890, గద అడ్డం పెడితే 640.

సర్క్యూట్‌సుబ్బడు
దొరికింది. మీ రెండు సమస్యలూ ఒకటే.

షో ముందు బాక్స్ ఆన్ చేసినప్పుడు స్టేజి మీద వర్క్ లైట్లు వెలుగుతున్నాయి. 960 చూసింది, 900 హద్దు పెట్టుకుంది. మీరు బ్లాకౌట్ ఇచ్చారు. కిరణం ఎక్కడికీ పోలేదు, చుట్టూ ఉన్న వెలుగు పోయింది. రీడింగ్ 870కి పడింది. 900 కంటే తక్కువ, కాబట్టి మీ బాక్స్ దృష్టిలో గద దెబ్బ పడిపోయింది. గర్జన.

ఇక మళ్లీ సిద్ధం కావాలంటే 900 దాటాలి. స్తంభం సీన్‌లో కిరణం ఉన్నప్పుడే 890. అంటే బ్లాకౌట్ నుంచి దెబ్బ వరకూ అది ‘ఇంకా అడ్డంగానే ఉంది’ అనుకుంటూ కూర్చుంది. హిరణ్యకశిపుడు మూడుసార్లు కాదు, ముప్పైసార్లు కొట్టినా దానికి కొత్తగా జరిగిందేమీ లేదు.

ఇంకో సంగతి గమనించండి. ఇంట్లో కిరణానికీ అడ్డానికీ మధ్య తేడా 660. హాల్లో ఎర్ర లైట్లలో 250. అదీ మీ లేజర్ సూటిగా పడుతున్నంతవరకే.

తెరచాటుమనిషి
మూడురోజుల నుంచి నిద్ర లేదు, మీరు పది నిమిషాల్లో తేల్చేశారు. అయితే హద్దుని 750 అని అంకెగా రాసేస్తే సరిపోతుందా?

సర్క్యూట్‌సుబ్బడు
ఆ హాల్లో, ఆ లైట్లతో, ఆ ఒక్కరోజుకి సరిపోతుంది.

పాతలైట్‌మేన్
ఒక్క ప్రశ్న. రిసీవర్ ఏ వింగ్‌లో పెట్టావు? దానికి ఎదురుగా ఏముంది?

తెరచాటుమనిషి
ప్రేక్షకుల వైపు నుంచి చూస్తే కుడి వింగ్. ఎదురుగా ఎడమ వింగ్‌లో సైడ్ లైట్ స్టాండు.

పాతలైట్‌మేన్
అంటే దాని కంట్లోకి సూటిగా లైటు కొట్టి, కళ్లు కనపడటం లేదంటే ఎలా? లేజర్, రిసీవర్ అటుదిటు మార్చు. ఆ కుడి వింగ్‌లో కూడా స్టాండు ఉంటే రెండింటినీ అడుగున్నర ముందుకి జరిపి, లైటు దారి తప్పించు. తర్వాత రిసీవర్‌కి జానెడు పొడుగు నల్ల గొట్టం తొడుగు. లోపలివైపు కూడా నల్లగా ఉండాలి, మెరిసే పైపు పెడితే వెలుగు అందులోంచి జారి లోపలికే వస్తుంది. కెమెరా లెన్స్‌కి హుడ్ ఎందుకు పెడతారు? అదే సంగతి. సెన్సర్ అంటే నాకు తెలీదు గానీ లైటు ఎటు పోతుందో తెలుసు.

గజ్జెలసవ్వడి
లైట్‌మేన్ గారు మన పార్టీలోకి వచ్చేశారు.

పాతలైట్‌మేన్
రాలేదు. కుర్రాడు అక్కడే ఉంటాడు.

బీటెక్‌ఫైనలియర్
ఎల్‌డీఆర్ ఎందుకండీ అసలు? వెలుగు మారాక దాని రెసిస్టెన్స్ మారడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది. టీవీ రిమోట్ రిసీవర్ పెట్టండి, టీఎస్ఓపీ 1738. 38 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 38 వేలసార్లు, మిణుకుమనే ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రమే పట్టించుకుంటుంది. స్టేజి లైట్లు ఎంత కొట్టినా ఫరవాలేదు. కంటికి కనపడదు కాబట్టి గురువుగారి ఎర్రచుక్క బాధ కూడా ఉండదు. మా మినీ ప్రాజెక్ట్ అదే.

సర్క్యూట్‌సుబ్బడు
దారి మంచిదే, మధ్యలో గొయ్యి ఉంది. రిమోట్ రిసీవర్‌కి ఆగి ఆగి వచ్చే సిగ్నల్ అలవాటు. మీరు 38 కిలోహెర్ట్జ్‌ని ఆపకుండా పంపిస్తే, ఇదేదో ట్యూబ్‌లైట్ గోల అనుకుని తన గెయిన్ (సిగ్నల్‌ని పెంచి చూసే మోతాదు) తానే తగ్గించేసుకుంటుంది. కాసేపటికి కిరణం ఉన్నా లేనట్టే చెప్తుంది. సిగ్నల్‌ని చిన్నచిన్న ముక్కలుగా, మధ్యలో విరామం ఇచ్చి పంపాలి. లేదంటే గెయిన్ మార్చుకోని రకం, టీఎస్ఎస్‌పీ 4038 లాంటిది వాడాలి.

హాలోజన్ లైట్లు ఇన్‌ఫ్రారెడ్‌ని దండిగా చిమ్ముతాయని కూడా మర్చిపోవద్దు. అది మిణుకు కాదు కాబట్టి లెక్కలోకి రాదు గానీ, నేరుగా పడితే రిసీవర్‌కి ఊపిరాడదు. లైట్‌మేన్ గారి గొట్టం దీనికీ కావాలి.

బీటెక్‌ఫైనలియర్
ఓ. అందుకేనా వైవాలో ఐదు నిమిషాలకి మాది ఆగిపోయింది! ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారి దిష్టి అనుకున్నాం.

కోఠీబాబాయ్
మీరంతా పుస్తకాలు తిరగేస్తున్నారు గానీ, హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ అమ్మే గుజరాతీ గల్లీకి ఒక్కసారి వస్తే పని అయిపోయేది. ఆటోమేటిక్ గేట్లకి పెట్టే సేఫ్టీ బీమ్ అడగండి. కారు మధ్యలో ఉంటే గేటు మూసుకోకుండా ఆపేది. రెండు డబ్బాలు వస్తాయి, ఒకటి పంపేది, ఒకటి అందుకునేది. 12 వోల్టులకీ 24కీ పనిచేస్తుంది. అందుకునేదాన్లోనే రిలే (కరెంటుతో తెరిచి మూసే స్విచ్) ఉంటుంది, రెండు తీగలు బయటికి వస్తాయి, ఆర్డ్యునోకి స్విచ్‌లాగా కలపడమే. మిణుకు, గెయిన్ తలనొప్పి అంతా తయారుచేసినవాడే పడ్డాడు. ఎండలో, వానలో గేటు మీద బతికే వస్తువు. మీ ఎర్ర లైట్లు దానికి లెక్క కాదు.

నాకు తెలిసిన ఒక నాటకం వాళ్లు వెయ్యికి అటూ ఇటూగా కొనుక్కెళ్లారు. ఆదివారం రావద్దు, సగం షాపులు మూసుంటాయి.

గజ్జెలసవ్వడి
బాబాయ్ చెప్పినదాంట్లోనే ఒకే డబ్బాలో రెండూ ఉండి, అవతల చిన్న రిఫ్లెక్టర్ బిళ్ల పెట్టే రకం కూడా ఉంటుంది. మేం రాణిగంజ్‌లో తెచ్చాం, ప్యాకింగ్ మెషిన్లకి వాడేది. వైరు ఒకవైపే, పని సులువు అనుకున్నాం. కిరణానికి అడ్డంగా నడుస్తున్నా సెన్సర్ పలకలేదు. ఎందుకో తెలుసా? వడ్డాణం! సరిగ్గా నడుము ఎత్తులో పెట్టాం. నేను అడ్డం రాగానే ఆ మెరుగు వెలుగుని తిప్పి పంపేది, అది రిఫ్లెక్టరే అనుకునేది. పాత చీర కట్టుకుని రిహార్సల్ చేసినన్నాళ్లూ బాగుంది, డ్రెస్ రిహార్సల్‌లో బయటపడింది. నగలు పెట్టుకుని టెస్ట్ చేయండి అని మాత్రం చెప్పగలను.

సర్క్యూట్‌సుబ్బడు
దానికి పోలరైజ్డ్ రకం అని విడిగా అడగాలి. మూలలు మూలలుగా ఉండే ఆ రిఫ్లెక్టర్ బిళ్ల వెలుగుని తిప్పి పంపేటప్పుడు దాని పోలరైజేషన్‌ని, అంటే వెలుగు కంపించే దిశని, కూడా మార్చేస్తుంది, వడ్డాణం మార్చదు. సెన్సర్ ముందున్న ఫిల్టర్ ఆ తేడా పట్టుకుంటుంది. అయినా నృత్యానికి బాబాయ్ చెప్పిన ఎదురెదురు డబ్బాలే మేలు.

ఊరికేచూస్తా
వడ్డాణం నిజమైన బంగారమా, గిల్టా? కిరణానికి తేడా ఉంటుందేమోనని.

గజ్జెలసవ్వడి
మీకు చెప్తే ఇంకేమైనా ఉందా!

పుస్తకాలపురుగు
ఈ గొడవ కొత్తదేమీ కాదు. 1965లో న్యూయార్క్‌లో జాన్ కేజ్ సంగీతం, మెర్స్ కన్నింగ్‌హామ్ నృత్యం కలిపి ఒక ప్రదర్శన చేశారు. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు బిల్లీ క్లూవర్ స్టేజి లైట్లకి ఎదురుగా ఫోటోసెల్స్ (వెలుగుని పసిగట్టే సెన్సర్లు) పెట్టాడు. డాన్సర్లు వెలుగుకి అడ్డం వచ్చినప్పుడు టేప్ రికార్డర్లు, రేడియోలు పలికేవి. సింథసైజర్లు చేసిన రాబర్ట్ మూగ్ స్టేజి మీద పొడుగాటి యాంటెన్నాలు నాటాడు. మనిషి దగ్గరికి వస్తే వాటినుంచి కూడా శబ్దం. యాంటెన్నా సంగతైతే ముట్టుకోకుండా చేతులు ఊపి వాయించే 1920 నాటి థెరెమిన్‌లోనే ఉంది.

కానీ అక్కడ ఒక తేడా. ఏ అడుగుకి ఏ శబ్దం వస్తుందో వాళ్లకే తెలియకూడదు. అదే వాళ్ల సరదా. తెరచాటు గారికి కావలసింది ఒక్క దెబ్బకి ఒక్క గర్జన. వాళ్ల దగ్గర తప్పు అనేదే ఉండదు, మన దగ్గర నరసింహుడు ముందొస్తే నవ్వులపాలు. కాబట్టి ఆ ఫోటోలు చూసి మురిసిపోయి అదే పద్ధతి దించితే కుదరదు.

పాతలైట్‌మేన్
స్టేజి లైట్లనే కిరణాలుగా వాడుకున్నారన్నమాట. ఇది బాగుంది. ఆ లైట్లు సర్దినవాడి పేరు ఎక్కడైనా రాశారా?

సింథ్‌శీను
లేజర్ కిరణాలే తీగలుగా ఉండే లేజర్ హార్ప్ గురించి ఎవరూ చెప్పరేంటి! ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 1981లో చైనా కచేరీల్లో వాయించాడు. మనం అడ్డం వస్తే వెలుగు ఆగడం కాదు, చేతికి తగిలి కిందికి తిరిగొచ్చిన వెలుగుని సెన్సర్ పట్టుకుంటుంది. అందుకే తెల్ల గ్లవ్స్ వేసుకుంటారు. పొగ పెడితే ఆకుపచ్చ తీగలు ఆకాశం దాకా. తెరచాటు గారూ, పొగ పెట్టి కిరణాన్ని కనపడనివ్వండి, గురువుగారు కూడా మెచ్చుకుంటారు.

గజ్జెలసవ్వడి
హిరణ్యకశిపుడి సభలో ఆకుపచ్చ తీగలా? వద్దు బాబూ.

రెండోబెల్
ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నా. ప్రహ్లాదుడి వయసెంత? లేజర్ ఎంత ఎత్తులో పెట్టారు?

తెరచాటుమనిషి
పాప వేస్తుంది, తొమ్మిదేళ్లు. కిరణం మూడున్నర అడుగులు... అయ్యో.

రెండోబెల్
అదే నేననేది. ఇంచుమించు పిల్ల కంటి ఎత్తు. ఆ ఎర్ర మాడ్యూల్స్ 5 మిల్లీవాట్లు అని రాసి అమ్ముతారు. ఒక మిల్లీవాట్ లోపు రకమైతే రెప్ప వేసేలోపు ఏమీ కాదంటారు, 5 మిల్లీవాట్లని పిల్లల కళ్లకి ఎదురుగా పెట్టి గంటసేపు వదిలేయడం నాకైతే ఒప్పదు. పైగా లేబుల్ మీద రాసిందే లోపలుంటుందని నమ్మకం లేదు. గేటు బీమ్‌కి మారిపోండి, ఈ గొడవే ఉండదు.

తెరచాటుమనిషి
లేజర్ తీసేస్తున్నాను. ఇంత దూరం ఆలోచించనందుకు సిగ్గుగా ఉంది.

డెమోబాయ్
ఈ రోజుల్లో కిరణాలేంటండీ. ఎంత దూరంలో ఏముందో చూసే డెప్త్ కెమెరా పెట్టండి, కైనెక్ట్ 2010లోనే వచ్చింది. చెయ్యి ఎక్కడుందో, మోకాలు ఎక్కడుందో మొత్తం చెప్తుంది. ఐసడోరా, టచ్‌డిజైనర్ లాంటి స్టేజి వీడియో సాఫ్ట్‌వేర్‌లోకి పంపితే ఎన్ని ఎఫెక్ట్స్ కావాలంటే అన్ని.

తాళంతప్పదు
చేశాం. బంజారాహిల్స్ వైపు ఆరుబయట వేదిక, సాయంత్రం రిహార్సల్. కైనెక్ట్‌కి ఎండ పడదు, దాని ఇన్‌ఫ్రారెడ్ ఎండలో కొట్టుకుపోతుంది. చీకటిపడ్డాక మనుషుల్ని పట్టుకుంది, కానీ మృదంగం ఆయన మోకాలిని నర్తకి చెయ్యి అనుకుంది. ఆయన తాళం వేసినప్పుడల్లా తెర మీద తామరపూలు. పూలు బాగున్నాయి, ఆయనే మొహమాటపడ్డారు.

అన్నీ తెలుసుకునేదానికి అన్నీ తప్పు తెలుసుకునే వీలు కూడా ఉంటుంది. గద వచ్చిందా లేదా అన్న ఒక్క ప్రశ్నకి కిరణం చాలు.

సర్క్యూట్‌సుబ్బడు
ఇంతకీ అసలు మందు ఎవరూ చెప్పలేదు. సెన్సర్ ఎంత మంచిదైనా షో మొత్తం చెవులు రిక్కించుకుని ఉండకూడదు. రెండు గంటల్లో ఆ కిరణం ముందు నుంచి ఎందరు నడుస్తారు? స్తంభం జరిపేవాళ్లు, చీకట్లో తెర సర్దేవాడు, దారి తప్పిన రాక్షసుడు. కాబట్టి ఆపరేటర్ దగ్గర ఒక స్విచ్ పెట్టండి. దెబ్బకి పది సెకన్ల ముందు ఆన్ చేస్తే అప్పుడే సెన్సర్ మాట చెల్లుతుంది. ఒక్కసారి పలికాక తనంతట తానే ఆఫ్ అయిపోవాలి. వెనకే వచ్చే ఉత్తరీయం కొసకి రెండో గర్జన రాదు. సమయం ఎప్పుడనేది మనిషి, క్షణం ఎప్పుడనేది గద. లైట్‌మేన్ గారి కుర్రాడికి కూడా ఉద్యోగం దొరికింది.

వీడియోని ముందే లోడ్ చేసి పెట్టుకోండి. ప్రొజెక్టర్ కూడా కాస్త వెనకబడుతుంది, అందుకే కిరణాన్ని స్తంభానికి అంటించకుండా బెత్తెడు ఇవతల పెడితే గద తగిలే సరికి బొమ్మ వచ్చేస్తుంది. ఎంత దూరమన్నది మీ గద వేగాన్ని బట్టి మీరే చూసుకోవాలి.

పాతలైట్‌మేన్
ఇది ఒప్పుకుంటాను. ఇంకోటి, వింగ్ నుంచి ల్యాప్‌టాప్ దాకా యూఎస్‌బీ వైరు లాగారా? ఎంత పొడుగు?

తెరచాటుమనిషి
రెండు ఎక్స్‌టెన్షన్లు కలిపి 12 మీటర్లు. లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ల కేబుల్స్ పక్కనుంచే.

సర్క్యూట్‌సుబ్బడు
అయిదు మీటర్లు దాటితే యూఎస్‌బీ దయ మీద ఆధారపడ్డట్టే. ఆర్డ్యునోని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టండి, పొడుగు వైరు రిలే నుంచి లాగండి. ఆర్డ్యునో వైపు ఒక ఆప్టోకప్లర్ (తీగలు కలవకుండా సిగ్నల్‌ని వెలుగుతో దాటించే భాగం) పెట్టి, రిలే వైరులో 12 వోల్టులు నడపండి. డిమ్మర్ల గోల లోపలికి రాదు. దారి మాత్రం డిమ్మర్ కేబుల్స్‌కి దూరంగా.

ఊరికేచూస్తా
ఈ చర్చంతా చదివాక నాకు నాటకం చూడాలనిపిస్తోంది. టికెట్ ఎంత?

తెరచాటుమనిషి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. షో నిన్న అయింది.

బాబాయ్ చెప్పిన గేటు బీమ్ తెచ్చాను. ఆదివారమే వెళ్లి, మూసిన షట్టర్లు చూసి వచ్చి, సోమవారం మళ్లీ వెళ్లాను. డబ్బాలకి నల్ల వెల్వెట్ చుట్టి, వింగ్‌లో అయిదడుగుల ఎత్తులో బిగించాను. పాప తల కిందినుంచి పోతుంది, గద మాత్రమే తగులుతుంది. మొదట స్టాండుకి బిగించాం గానీ అందరూ కలిసి అడుగులు వేసేసరికి చెక్క స్టేజి అదిరి రెండుసార్లు తప్పుగా పలికింది. తర్వాత వింగ్ గోడకి ఉన్న ఇనుప పైపుకి కట్టేశాం.

వర్క్ లైట్లలో, చీకట్లో, ఎర్ర లైట్లలో, కిరీటాలు నగలు అన్నీ పెట్టుకుని నలభైసార్లు కొట్టించాను. హిరణ్యకశిపుడు వేసిన అన్నయ్య భుజం పట్టేసింది, జండూబామ్ నా ఖర్చు. స్విచ్ మా తమ్ముడి చేతిలో. షోలో అన్నయ్య రిహార్సల్‌లో ఎప్పుడూ లేనిది గద ఎత్తి అలాగే నిలబడిపోయాడు. ప్రహ్లాదుడి ముఖంలోకి చూస్తూ, నాకు తెలిసి నాలుగైదు సెకన్లు. తమ్ముడి చెయ్యి స్పేస్ బార్ మీదికి పోవడం నేను చూశాను. పోనీలే ఆగు అన్నాను. అప్పుడు దెబ్బ పడింది, గర్జన దెబ్బలోంచే వచ్చింది. ముందు వరసలో ఒకాయన కుర్చీలో ఎగిరిపడ్డారు.

గురువుగారు ఏమీ అనలేదు. ఇంటికెళ్లేటప్పుడు ‘ఆ డబ్బాలు జాగ్రత్త చెయ్యి’ అన్నారు.

గజ్జెలసవ్వడి
ఆ నాలుగు సెకన్ల కోసమే నేను మొదటి నుంచి పోట్లాడుతున్నది.

పాతలైట్‌మేన్
సరే. వెల్వెట్ చుట్టడం మంచి పని. అది మాత్రం నేను చెప్పింది కాదు.

తెరచాటుమనిషి
ఒక్క చిక్కు మిగిలింది. కిరణం తెగగానే రిలే టిక్కుమంటుంది. వింగ్‌లో నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పేవారి) మైక్ పక్కనే ఉంది, స్పీకర్లలో వినపడుతోంది. దూదిలో చుట్టనా?

కోఠీబాబాయ్
టిక్కు వెంటనే గర్జన కదా, ఎవరికి వినపడుతుంది?

తెరచాటుమనిషి
ఆ గర్జనలో వినపడదు బాబాయ్. కానీ రెండు గంటల్లో ఎవరు ఆ వింగ్ దాటినా టిక్కు. నిన్న చీకట్లో స్తంభం జరిపేవాళ్లు నాలుగుసార్లు దాటారు.

సర్క్యూట్‌సుబ్బడు
రిసీవర్‌కి వెళ్లే 12 వోల్టులు కూడా తమ్ముడి స్విచ్ మీదుగానే ఇవ్వండి. ఆన్ చేసినప్పుడు ఒక్క టిక్కు వస్తుంది, అంతే. స్విచ్ వేశాక మొదటి సెకను ఏది వచ్చినా పట్టించుకోవద్దని కోడ్‌లో రాయడం మర్చిపోకండి, లేదంటే మళ్లీ గురుకులంలోనే గర్జిస్తాడు.